రంది కడియం

తాయమ్మ చెమటను మొట్టమొదట పొగిడినవాడు డాక్టర్ చక్రపాణి.

అంతకుముందు ముప్పైనాలుగేళ్లుగా ఆ చెమట ఎవరి మెప్పూ లేకుండానే కారిపోయింది. సగం ఎర్రగుట్టపల్లెలో ఆమెకున్న రెండెకరాల ఎర్రమట్టి చెల్కలో ఇంకింది. సగం పుణెలో ఎవరెవరివో మేడల పునాదుల్లోకి పోయింది. దసరా వెళ్లిన వారం, ఊరి బడిలో పెట్టిన శిబిరంలో, హైదరాబాదు నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి ఆమె మెడ దగ్గరి చెమటను గాజుపలక మీదికి ఒక్క చుక్క తీసుకున్నాడు. దాన్ని యంత్రంలో పెట్టి చూసి, అత్తరు వాసన పీల్చినంత సంతోషంగా తల ఊపాడు.

"అద్భుతం! కార్టిసాల్ ఎంత ఉందో చూశావా సుభద్రా? ఈ జిల్లాలో ఇంతవరకూ ఇదే ఎక్కువ."

తాయమ్మ పక్కనే నిలబడ్డ సుభద్ర వైపు తిరిగింది. సుభద్ర శిబిరం పెట్టిన సంస్థ తరఫున ఊళ్లు తిరిగే ఉద్యోగి. పాతికేళ్లుంటాయి.

"ఏమంటుండు సారు?"

"నీ చెమటలో దిగులు, అదే మీ రంది, బాగా ఉందంటున్నారక్కా."

"గది తెల్సుకోనీకె గింత దూరం రావాల్నా? అడిగితే నేనే జెప్తుంటి గదా."

సుభద్ర నవ్వు ఆపుకుంది. డాక్టర్ మాత్రం ఆ మాటను పట్టుకున్నాడు. "అదేనమ్మా సమస్య. అడిగితే అందరూ చెప్తారు. ఉన్నవాడూ చెప్తాడు, లేనివాడూ చెప్తాడు. దరఖాస్తు అబద్ధం చెప్తుంది, సర్పంచి అబద్ధం చెప్తాడు. ఒళ్లు చెప్పదు."

సంవేదన పరిశోధనాలయం ఎనిమిదేళ్లు శ్రమపడి తయారుచేసిన వస్తువు ఆ ఒక్క మాట మీదే నిలబడింది. చూడటానికి సన్నటి వెండి కడియం. లోపలి వైపు చర్మానికి ఆనుకుని, చెమటలోని దిగులును రోజంతా రుచి చూస్తూ ఉంటుంది. పరుగెత్తిన చెమట వేరు, భయపడ్డ చెమట వేరు, దానికి తెలుసు. దిగులు మూడు రోజుల పాటు ఎర్రగీత దాటి ఉంటే మనిషి బ్యాంకు ఖాతాలో మూడు వేలు పడతాయి. ఎందుకని అడిగేవాడు లేడు, ఏం చేశావని అడిగేవాడూ లేడు. పేదవాడి చేతికి నేరుగా డబ్బు. మధ్యలో దళారి లేడు, కాగితం లేదు.

"పేదవాణ్ని నమ్మాల్సిన అవసరమే లేని పథకం," అన్నాడు డాక్టర్ చక్రపాణి. ఆ మాట ఆయన గొప్పగానే అన్నాడు.

కడియం తొడిగాక దాన్ని సరిచూడాలన్నారు. తాయమ్మను చీకటి గదిలో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేశారు. ఏడుస్తున్న పసిపిల్ల బొమ్మ వచ్చింది. డాక్టర్ ముందున్న యంత్రంలో ఆమె దిగులు గీత కొద్దిగా కదిలింది. ఖాళీ కుండ వచ్చింది. కదల్లేదు. నెర్రెలిచ్చిన చేను, దాని నడుమ నెత్తిన చెయ్యి పెట్టుకున్న రైతు వచ్చారు. గీత పడుకుంది.

"చేను ఎండిపోయినా దిగులు లేదా అమ్మా నీకు?" డాక్టర్ ఆశ్చర్యపోయాడు.

"అది నల్లరేగడి సారూ. నాది చెల్క. ఇంగ ఆ మనిషి ఇస్త్రీ అంగీ ఏసుకోని కూసున్నడు. ఆయనకేం రంది?"

అప్పుడు సుభద్ర, ఇంటి నుంచి ఏదో ఫోను వచ్చిందేమో చూసుకొమ్మని మామూలుగానే అంది. గీత ఎర్రదనం దాటి పైకి లేచింది. డాక్టర్ సంబరంగా రాసుకున్నాడు.

తాయమ్మకు ఆ రోజే వాళ్ల మీద ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. పెద్ద చదువు చదివి, పెద్ద బండిలో వచ్చి, మనిషికి దిగులుందో లేదో తెలుసుకోవడానికి మనిషి ముఖం తప్ప మిగతావన్నీ చూసే జాతి ఒకటుందని. కానీ పైసలు పైసలే. ఆమె కడియం తీయలేదు.

పైసలు వచ్చాయి. ఆ సంగతి మాత్రం దాచనక్కర్లేదు.

దీపావళి కాగానే గుంపు మేస్త్రీ వచ్చాడు. పదకొండేళ్లుగా ఏటా అదే రోజుల్లో వచ్చి, ముందుగా కొంత చేతిలో పెట్టి, ఊళ్లోని మగవాళ్లనూ ఆడవాళ్లనూ లారీ ఎక్కించుకుని పుణె తీసుకుపోయేవాడు. తాయమ్మ మొగుడు కుర్మయ్య అప్పటికే దుప్పటి మడతపెట్టి ఉంచాడు.

"ఈసారి మేం రాం," అంది తాయమ్మ గడపలోంచే.

మేస్త్రీ నవ్వాడు. "రాక ఏం తింటరు?"

"నీకెందుకు? నువ్వేమన్న వొండిపెడ్తవా?"

కుర్మయ్య దుప్పటి విప్పి మళ్లీ దండెం మీద వేశాడు. పదకొండేళ్లలో చలికాలం తన ఇంట్లో గడపడం అతనికి అదే మొదలు. రెండు రోజులు ఏం చేయాలో తోచక ఊరంతా తిరిగాడు. మూడో రోజు గడ్డపార తీసుకుని చేనుకు వెళ్లాడు. వాన పడితే మట్టినంతా వాగులోకి జార్చే వాలు చేను అది. పక్కనున్న గుట్ట మీది రాళ్లు మోసుకొచ్చి వాలుకు అడ్డంగా కట్టలు పేర్చడం మొదలుపెట్టాడు. పుణెలో ఎవరి మేడకో మోసే రాళ్లను ఆ మూడు నెలలూ తన చేనుకే మోశాడు. నాలుగు కట్టలు లేచాయి. మాఘంలో కురిసిన ఒక్క చిన్న వాన ఆ కట్టల వెనక చెరువులా నిలబడి ఇంకితే, మొగుడూ పెళ్లాలు గట్టు మీద నిలబడి దాన్ని పెళ్లి ఊరేగింపు చూసినట్టు చూశారు.

ఏటా చలికాలంలో తల్లిదండ్రుల వెంట పుణె పోయి, ఇసుక గుట్టల మీద ఆడుకుని, వేసవికి తిరిగొచ్చి అన్నీ మరిచిపోయే కూతురు చంద్రకళ ఆ ఏడు బడి మానలేదు. ఆరో తరగతి పరీక్షలు ఆరో తరగతి పిల్లలతోనే రాసింది. నాలుగేళ్లుగా సలుపుతున్న దవడపన్ను తాయమ్మ పీకించుకుంది. ఇంటి మీద రేకులు వేశారు. రెండు గొర్రెలు కొన్నారు. జొన్నలు సంకురాత్రికే అయిపోకుండా ఉగాది దాకా ఉన్నాయి. ఇంతే. ఇంతకుమించి తాగి తగలేసిందీ లేదు, జూదమాడిందీ లేదు. పేదవాడికి నగదు ఇస్తే పాడైపోతాడని సభల్లో గొంతు చించుకునేవాళ్లు ఒక్కరోజు వచ్చి ఆ రాళ్ల కట్టల మీద కూర్చుని ఉంటే బాగుండేది. రాలేదు.

చైత్రంలో డబ్బు ఆగిపోయింది.

సుభద్ర మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చింది. "అక్కా, శుభాకాంక్షలు! ఐదు వారాలుగా నీ గీత కిందే ఉంది. మా లెక్కలో నువ్వు గట్టెక్కినట్టే."

తాయమ్మ మిఠాయి తీసుకోలేదు. "నాకు సమజయ్యేటట్టు జెప్పు బిడ్డా. పైసలొస్తే రంది పోయింది. రంది పోతే పైసలు పోయినయ్. పైసలు పోతే రంది మల్ల రాదా?"

"వస్తుంది. వస్తే డబ్బు కూడా వస్తుంది."

"అంటే గానుగెద్దు తీరు తిరుగుడేనా? ఒడ్డుకొచ్చినోన్ని మల్ల నీళ్లల్ల తోసి, మునుగుతుంటే తాడు ఏస్తరా?"

సుభద్ర మిఠాయి పొట్లం చంద్రకళ చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ పిల్ల మీద తాయమ్మకు కోపం రాలేదు. నెల జీతం కోసం తిరిగే పిల్ల. తాయమ్మ అసహ్యమంతా ఆ పైన ఉన్నవాళ్ల మీద.

ఊరు మాత్రం తాయమ్మలా ప్రశ్నలు వేస్తూ కూర్చోలేదు. కిటుకు పట్టేసింది. కడియమున్న ప్రతి ఇంట్లోనూ దిగులు పండించడం మొదలైంది. చాకలి బుడ్డమ్మ చుట్టుపక్కల ఏ ఊళ్లో చావు జరిగినా ఆటో ఎక్కి పోయి ముందు వరసలో కూర్చునేది. ఉషన్న ముసలితల్లికి కడియం తొడిగి, పొద్దున్నే ఆమె ముందు చచ్చిపోయిన పెద్దకొడుకు మాట ఎత్తేవాడు. ఇంకో ఇంట్లో కోడలికి తొడిగారు. అక్కడ అత్తకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేకపోయింది. హైదరాబాదులో డాక్టర్ చక్రపాణి గోడ మీది పెద్ద తెరపై ఈ గీతలన్నీ లేవడం చూసి, మారుమూల ప్రాంతాల్లో దాగిన వేదన బయటపడుతోందని వ్యాసం రాశాడు.

ఆ వ్యాసానికి పేరొచ్చింది. పేరుతో పాటు ఖర్చూ పెరిగింది. ఆషాఢంలో సుభద్ర మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, కడియాలకు చిన్న తీగ తగిలించి, కొత్త తెలివి ఎక్కించింది.

"ఇదేం జేస్తది?" తాయమ్మ అడిగింది.

సుభద్ర తల దించుకునే చెప్పింది. "కొందరి ఒళ్లు దిగులుకు అలవాటు పడిపోయి ఉంటాయట అక్కా. వాళ్లకు అది మామూలే కాబట్టి ఎర్రగీతను కొంచెం పైకి జరిపారు. ఇక రోజువారీ రందికి డబ్బు రాదు. ఉన్నట్టుండి ఏదైనా పెద్ద దెబ్బ తగిలితే మాత్రం వెంటనే, నిమిషాల్లో, ఐదు వేలు."

"అలవాటా?"

"సారు అలా అన్నారు."

తాయమ్మ ముంజేతిని ఎత్తి ఆ కడియాన్ని చూసింది. పదకొండేళ్ల పుణె, ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోవడం, దవడపన్ను, అన్నీ కలిపి ఒక అలవాటు. బీడీ లాగా.

"మీ సారుకు జెప్పు. ఆకలి గూడ మాకు అలవాటే. దానికేం తీగ పెడ్తడో అడుగు."

ఆ ఏడు వాన ఆలస్యంగా పడినా కట్టల పుణ్యమా అని కంది నిలిచింది. నడుమెత్తు పెరిగి, కార్తికంలో పచ్చగా పూసి, కాయ పట్టింది. సరిగ్గా అప్పుడు పురుగు పడింది. కాయకు కన్నం పెట్టి లోపలి గింజ తినేసే పచ్చపురుగు. పొద్దున చూసినదానికి మాపటికి రెట్టింపయ్యేది. మందు కొట్టాలి, రెండు మూడు రోజుల్లోనే కొట్టాలి. చేతిలో డబ్బు లేదు. గొర్రెలు రెండూ ఈనడానికి సిద్ధంగా ఉన్నాయి, అమ్మితే అంతా పోయినట్టే. గుంపు మేస్త్రీ అప్పటికే ఊళ్లోకి వచ్చి, ఈ ఇంటి ముందు రెండుసార్లు ఊరికే దగ్గి వెళ్లాడు.

తాయమ్మకు దిగులు లేదా అంటే ఉంది. అన్నం దిగనంత ఉంది. కడియం దాన్ని రుచి చూసి, ఇది ఈమెకు మామూలేనని ఊరుకుంది.

రెండో రోజు పగలు మూడింటికి తాయమ్మ చేనులో ఉంది. కందిచెట్లను ఒక్కొక్కటే వంచి, కింద బట్ట పరిచి, దులిపి, పడ్డ పురుగుల్ని చెప్పుతో నలుపుతోంది. కుర్మయ్య గట్టు మీదుగా పరుగెత్తుకొచ్చాడు.

"ఓ తాయీ! చంద్రకళ బాయిల పడ్డదే! పెద్దబాయిల!"

ఆమె ఏమీ అడగలేదు. చెప్పులు అక్కడే ఉన్నాయి. ఆముదం మోళ్ల మీదుగా, కంచె దూరి, కిలోమీటరుకు పైగా దూరాన్ని ఆమె ఎలా దాటిందో ఆమెకే గుర్తులేదు. బావి దగ్గర ఎవరూ లేరు. జనం ఎందుకు లేరన్న ఆలోచన కూడా రాలేదు. మెట్లు దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చాక కూతురి పేరు పెట్టి అరుస్తూ రెండు చేతులతో నీళ్లు దేవడం మొదలుపెట్టింది. నాచు వచ్చింది. ఎవరిదో పగిలిన ప్లాస్టిక్ బిందె వచ్చింది. ఆమెకు ఈత రాదు. ఇంకో మెట్టు దిగబోయింది.

"ఆగు! ఆగే! పడలే!" కుర్మయ్య పై మెట్టు మీద చతికిలబడి ఏడుస్తున్నాడు. "ఏం గాలే. పిల్ల బడిలనే ఉన్నది. మందుకు పైసల్లేవని... నేనే..."

అతని చొక్కా జేబులో తాయమ్మ ఫోను టింగుమంది.

బావిలో ఆ చప్పుడు చాలా స్పష్టంగా వినిపించింది. తాయమ్మ నీళ్లలోనే నిలబడి మొగుడి వైపు చూసింది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో అతని మీద ఆమెకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, విసుగు వచ్చింది. ఇది వేరు. కందికాయలోంచి దులిపిన పురుగును చూసినట్టు చూసింది.

"ఎంత వడ్డయ్?"

"ఐదు వేలు."

"గంతేనా?"

ఆమె మెట్లెక్కి, అతన్ని దాటుకుని ఇంటికి వెళ్లింది. అరికాళ్లలో దిగిన మోళ్లను చంద్రకళే దీపం పెట్టుకుని పిన్నీసుతో తీసింది. ఆ పిల్లకు అప్పటికే తెలిసిపోయింది. బడి విడిచాక దారిలో పిల్లలు చెప్పారు. 'నువ్వు సచ్చిపోయినవంట గదా, ఐదు వేలొచ్చినయంట గదా' అని. ఊళ్లో పెద్దవాళ్లు కుర్మయ్య ఉపాయాన్ని మెచ్చుకున్నారు. ఉషన్నయితే అతన్ని టీకొట్టు దగ్గర ఆపి, ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావని భుజం తట్టాడు.

మర్నాడు మందు కొట్టారు. కంది నిలిచింది. అదే తాయమ్మకు మింగుడుపడని సంగతి. నిలవకపోయి ఉంటే మొగుణ్ని తిట్టడానికైనా వీలుండేది.

పది రోజులకు సుభద్ర ఫోను చేసింది. గొంతులో ఉత్సాహం. నాలుగువందల పన్నెండు కుటుంబాల గీతల్లో తాయమ్మ గీత అన్నిటికంటే గొప్పదట. ఒక్క నిమిషంలో అంత ఎత్తుకు లేచిన గీత ఇంకోటి లేదట. హైదరాబాదులో పెద్ద సభ, డబ్బిచ్చే దాతల సభ, తాయమ్మ వేదిక మీద కూర్చోవాలి, కారు పంపిస్తారు.

"వొస్త," అంది తాయమ్మ.

సభ పెద్ద హోటల్లో. బయట ఎండ వెచ్చగా కాస్తుంటే లోపల జనం శాలువాలు కప్పుకునేంత చలి పెట్టారు. బల్లల మీద పుల్లలకు గుచ్చిన పనీరు ముక్కలు. పేదరికం గురించి మాట్లాడటానికి వచ్చినవాళ్లు వాటిని ఒకటి కొరికి పక్కన పెడుతున్నారు. తెర మీద తాయమ్మ గీత, ఏనుగంత ఎత్తున. చదునుగా వచ్చి వచ్చి ఒకచోట నిటారుగా లేచింది.

"పోయిన నెల, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు," డాక్టర్ చక్రపాణి కర్రతో ఆ శిఖరాన్ని తాకాడు. "మారుమూల పల్లెలో ఒక తల్లి మీద ఏదో పిడుగు పడింది. ఏమిటో మనకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. పదకొండు నిమిషాల్లో మన సాయం ఆమె ఇంటికి చేరింది. అంబులెన్సు కంటే ముందు!"

చప్పట్లు మోగాయి. ఆయన మైకు తాయమ్మ ముందు పెట్టాడు. "చెప్పమ్మా. ఆ రోజు ఏం జరిగిందో నీ మాటల్లో."

తాయమ్మ చెప్పింది. పురుగు సంగతి, జరిపిన గీత సంగతి, బావి సంగతి, జేబులో టింగుమన్న ఫోను సంగతి. ఏడవలేదు. సంతలో గొర్రె లక్షణాలు చెప్పినట్టు చెప్పింది. హాలులో పుల్లల చప్పుడు ఆగింది.

డాక్టర్ త్వరగానే తేరుకున్నాడు. "చాలా బాధాకరం. కానీ సభ ఒకటి గమనించాలి. ఇందులో యంత్రం అబద్ధం చెప్పలేదు. చెప్పింది మనిషి."

"అవ్ సారూ. యంత్రం మంచిదే. నా మొగడే కరాబయ్యిండు. ఎట్లయిండో జెప్పుర్రి మరి. రాళ్లు మోసి కట్టలు గట్టినప్పుడు మీ గీత పండుకున్నది. మనిషి కడుపుల గెలికితె లేసింది. ఏది జేస్తె పైసలొస్తయో గదే నేర్చుకుండు. నేర్పిందెవరు?" ఆమె ఊపిరి తీసుకుంది. "నాకొక్కటి జెప్పు. నీ జీతం ఒకటో తారీకు వడ్తదా?"

"అది... పనికి ఇచ్చేది."

"గట్లనే గాని, ఒకటో తారీకు నువ్వు ఏడ్సినవా లేదా అని జూసి ఇస్తరా?"

వెనక ఎవరో నవ్వారు. డాక్టర్ కూడా నవ్వాడు. సభల్లో ఆరితేరిన మనిషి. తాయమ్మ కడియం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఓసారి తొడుగు సారూ. నా కత ఇన్నవ్ గదా. ఒళ్లు అబద్ధం జెప్పదంటివి. నీ ఒళ్లు ఏమంటదో జూద్దాం."

కాదంటే బాగుండదు. పైగా కొత్తవాడి ఒంటిని పట్టుకోవడానికి కడియానికి రెండు నిమిషాలు చాలని కాసేపటి క్రితమే ఆయన గొప్పగా చెప్పి ఉన్నాడు. తొడుక్కున్నాడు. సుభద్ర దాన్ని తెర మీదికి కలిపింది. గీత వచ్చింది. చదునుగా, కడిగిన బండలా ఉంది. ఒక తల్లి బావిలో చేతులతో కూతురి శవం వెతుక్కున్న సంగతి విని మూడు నిమిషాలు కూడా కాలేదు.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ కళ్లజోడు తీసి తుడుచుకుని లేచింది. ఆమె పేరు ఇందుమతి. ఈ పథకానికి డబ్బిచ్చే ధర్మనిధికి పెద్ద.

"చక్రపాణి గారూ, కడియాలకు మా నిధి నుంచి ఇకమీదట ఒక్క రూపాయి కూడా రాదు."

తెర మీది గీత ఉలిక్కిపడింది. లేచింది. ఎర్రదనాన్ని దాటి, తాయమ్మ శిఖరాన్ని కూడా దాటి, తెర పై అంచుకు తగిలి ఆగిపోయింది. డాక్టర్ కడియాన్ని లాగబోయాడు. వేళ్లకు చిక్కలేదు.

తాయమ్మ నడుముకున్న సంచిలో ఫోను టింగుమంది. కడియం ఎవరి చేతికున్నా ఖాతా ఆమెదే మరి.

హాలంతా నవ్వింది. తాయమ్మ నవ్వలేదు. ఫోను తీసి చూసుకుని, ఆయనకు చూపించింది.

"నీ రందికి గూడ గదే రేటు సారూ. ఐదు వేలు."

కడియం ఆయన చేతికే వదిలేసి మెట్లు దిగింది.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. ఇందుమతి గారు మాట మీద నిలబడింది. పుష్యమాసం నుంచి ఆ నాలుగువందల పన్నెండు ఇళ్లకూ నెలకు రెండు వేలు, ఒకటో తారీకు, ఏడ్చినా నవ్వినా, మూడేళ్ల పాటు అని రాసిచ్చింది. కడియాలు గోనెసంచిలో తిరిగి వెళ్లాయి. బుడ్డమ్మ చావులకు పోవడం మానేసింది. ఉషన్న తల్లి ముందు పెద్దకొడుకు పేరు ఎత్తేవాళ్లు లేక, పాపం, ఆమే అడగడం మొదలుపెట్టింది. మరుసటి దీపావళికి గుంపు మేస్త్రీ లారీ ఆ ఊరి నుంచి సగం ఖాళీగా వెళ్లింది. మరుసటి నెల డబ్బు ఫలానా రోజున వస్తుందని ముందే తెలిస్తే మనుషులు ఎంత మామూలుగా బతుకుతారో చూడటానికి ఏ శాస్త్రవేత్తా రాలేదు. ప్రయోగం విఫలమవడానికి లబ్ధిదారుల నిజాయితీ లోపమే కారణమని డాక్టర్ చక్రపాణి ఇంకో వ్యాసం రాశాడు. ఇప్పుడాయన కార్పొరేట్ ఉద్యోగుల సంతోషం కొలిచే ఉంగరం మీద పనిచేస్తున్నాడని సుభద్ర చెప్పింది. సుభద్ర ఆ ఉద్యోగం మానేసింది.

కుర్మయ్య ఐదో కట్ట మొదలుపెట్టాడు. తాయమ్మ అతనికి అన్నం పెడుతుంది, విత్తనాల గురించి మాట్లాడుతుంది. అంతవరకే. అతను రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. ఆమె లేచి గొర్రెల దగ్గరికి వెళ్లిపోయింది.

మాఘంలో ఒక పొద్దున ఆమె చేనులో జొన్న మోళ్లు పెరుకుతోంది. కుర్మయ్య గట్టు మీదుగా పరుగెత్తుకొచ్చాడు.

"తాయీ! చంద్రకళను తేలు గుట్టిందే! చొప్పల చెయ్యి పెట్టింది, నల్లతేలు!"

తాయమ్మ నడుము ఎత్తింది. మొగుడి ముఖం చూసింది. అతని కళ్లు చూసింది, చొక్కా జేబు చూసింది. అతను చేతులు జోడించి, ఒట్టు, ఒట్టు అంటున్నాడు. వెంకన్న మీద, చచ్చిపోయిన పిల్లల మీద ఒట్లు పెడుతున్నాడు. ఆమె చేతిలోని మోడును పక్కన పెట్టింది. గట్టెక్కింది. అతను ముందు పరుగెత్తాడు, వెనక్కి తిరిగి చూశాడు, మళ్లీ పరుగెత్తాడు. ఆమె కాళ్లు నేల మీద ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. వంక దాటాక దూరంగా ఇంటి ముందు జనం కనబడ్డారు, అరుగు మీద తెల్లకోటు వేసుకున్న నర్సమ్మ కనబడింది. అప్పుడు గానీ ఆమె పరుగు తీయలేదు.

సూది పడింది. గండం లేదంది నర్సమ్మ, కానీ రాత్రి దాకా సలుపుతుందంది. పిల్ల ఒళ్లంతా చెమటలు. ఊరివైపు ముఖం తిప్పి పడుకుని ఉంటే బాగుండేది. చేనువైపే తిప్పి పడుకోబెట్టారు. దారంతా చూస్తూనే ఉంది.

తాయమ్మ కూతురి తలను ఒళ్లోకి తీసుకుంది. కొంగుతో ముఖం తుడిచింది.

"నాయిన ఉరికొచ్చిండు," అంది చంద్రకళ, పళ్లు బిగబట్టి. "నువ్వెందుకే అమ్మా నడుసుకుంట వొచ్చినవ్?"

కుర్మయ్య అరుగు దిగి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఉరికొస్తనే ఉన్న బిడ్డా," అంది తాయమ్మ. "కాళ్లే నమ్మలే."